జడుపులో వాటా

శంఖుదీవి దుప్పులకు భయమంటే ఏమిటో తెలియదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎప్పుడో దొరల కాలంలో, సరదాగా వేటాడుకోవడానికని ఓడలో తెచ్చి వదిలారట ఆ చుక్కల దుప్పుల్ని. దొరలు పోయారు, వాళ్ళ సరదా పోయింది, దుప్పులు మాత్రం మిగిలాయి. అండమాన్ సముద్రంలో ఆ మూలనున్న దీవికి పులి ఈదుకుంటూ వస్తుందా ఏం! తిన్నంత తిండి, పెట్టినన్ని పిల్లలు. వందేళ్ళు దాటేసరికి అడవి పైకి చూస్తే పచ్చగానే ఉంది, కిందికి చూస్తే బోడి. ముసలి చెట్లున్నాయి, పిల్ల మొక్క లేదు. గాలివానకి ఒక చెట్టు పడిందంటే దాని చోట లేచేది ఏమీ లేదు. అలా కొండ మీద ఒక్కో చెట్టూ పడిపోతుంటే కింద ఊట సన్నబడిపోయింది. దీవిలోని అరవై కుటుంబాలూ తాగేది ఆ ఊట నీళ్ళే. అందరూ తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి వలలు భుజాన వేసుకుని వచ్చినవాళ్ళు.

సర్కారు నుంచి కాగితం వచ్చింది. రెండు వానాకాలాలు గడువు. ఆలోగా అడవిలో ఎక్కడైనా సరే, మోకాలెత్తు దాటిన కొత్త మొక్కలు వంద చూపించాలి. చూపించలేకపోతే ఊరు ఖాళీ చేయాలి, అరవై కుటుంబాల్నీ తలో దీవికీ సర్దుతారు.

ఆ కాగితం చదివి ఎక్కువగా ఏడ్చింది చింతాడ కళావతి. ఊరు పుట్టిన ఊరు కావడం ఒకటి, మొక్కలు లేపుతానని మాటిచ్చింది తానే కావడం ఇంకొకటి.

కళావతి జంతువుల వాసనల మీద పదహారేళ్ళుగా పని చేస్తోంది. దుప్పులు ఎక్కువైపోవడం సగం రోగమేననీ, అవి నిశ్చింతగా ఉండడం మిగతా సగమనీ ఆమె వాదన. భయమున్న జింక రెండు ఆకులు కొరికి, చెవులు రిక్కించి, నాలుగు అడుగులు ముందుకేస్తుంది. భయం లేనిది విందు భోజనానికి కూర్చున్నట్టు ఒకే చోట కూర్చుని మొక్కని మొదలంటా నమిలేస్తుంది. అందుకని ఆమె ప్రయోగశాలలో ఒక వాసన తయారు చేసింది. పులి వదిలే వాసనలన్నిట్లోంచీ మృగానికి ప్రాణభయం పుట్టించే ముక్కనొక్కదాన్నీ విడదీసి, దాన్ని వెయ్యింతలు చిక్కన చేసింది. మనిషి ముక్కుకి అది తడిసిన గోనెసంచి వాసనలా లీలగా తగులుతుంది, అంతే. కాగితాల్లో దానికో పొడుగాటి పేరుంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని ‘జడుపు’ అన్నారు. చివరికి ఆమె కూడా అలాగే అనేసింది.

జడుపు చల్లిన మొదటి రోజు దుప్పులు చెల్లాచెదురైపోయాయి. రెండో రోజు దూరంగా నిలబడి చూశాయి. నాలుగో రోజు అదే చోటికొచ్చి మేశాయి. వాసన వస్తోంది గానీ పులి రావడం లేదని వాటికి తెలిసిపోయింది. తెలివి తక్కువవా అవి!

“ఉత్తి అరుపులకి ఎవుడు బెదురుతాడమ్మా? ఒక్కటైనా పడాల,” అన్నాడు టైలర్ దానయ్య.

అలా వేటగాళ్ళు వచ్చారు. చట్టం మార్చి, లైసెన్సున్న సరదా వేటగాళ్ళకి అనుమతులిచ్చారు. మొత్తం ఏడుగురు. నలుగురు ఊళ్ళోవాళ్ళు, ముగ్గురు ఆదివారం లాంచీలో పెద్ద దీవి నుంచి వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒక పళ్ళ డాక్టరు కూడా ఉన్నాడు. సరదాకి ప్రాణం తీసేవాళ్ళంటే కళావతికి ఒళ్ళు మంట. కానీ కొండ వెనక అడవికి నాలుగు గంటలు నడవాలి, జలగలు, బురద, దారీ తెన్నూ ఉండదు. జీతగాళ్ళెవరూ వెళ్ళనన్న చోటికి వెళ్ళినవాళ్ళు ఈ సరదా మనుషులే. ఒంటికి జడుపు రాసుకుని, ఇంకో డబ్బా వీపున వేసుకుని చల్లుకుంటూ వెళ్ళాలి. ఆ వాసన మధ్యనే అనుమతిచ్చిన లెక్క మేరకు దుప్పుల్ని కొట్టాలి. అప్పుడు గానీ వాసనకి అర్థం ఏర్పడదు.

మొదటి ఆదివారం కళావతి కూడా వాళ్ళ వెంట వెళ్ళింది. తప్పులు పట్టుకుందామనే వెళ్ళింది, అబద్ధమెందుకు.

అరవై ఏళ్ళ సూరాడ దానయ్య ముందు నడిచాడు. ఆయన జెట్టీ పక్కన కుట్టుమిషను పెట్టుకుని బతికే మనిషి. చెప్పిన రోజుకి బట్టలిచ్చే టైలరు ఈ భూమ్మీద ఆయనొక్కడే అని ఊళ్ళో పేరు. ఆయన కాలి పక్కనే ఆయన కుక్క, పులిగాడు. పేరుకే పులి. బక్కపల్చటి పసుపు రంగు ఊరకుక్క. పదకొండేళ్ళుగా అది పగలంతా మిషను పెడలు పక్కన పడుకుంటుంది, ఆదివారం అడవికి వస్తుంది.

ఒక ముసలి ఆడదుప్పి పడింది. దానయ్య చెప్పులు విడిచి దగ్గరికి వెళ్ళాడు. సీసాలో నీళ్ళు దాని నోట్లో కొంచెం పోసి, నుదుటి మీద చెయ్యి పెట్టి ఏదో గొణిగాడు.

“ఏమంటున్నావు బాబాయ్?” అంది కళావతి.

“ఏటంతాను? నిన్ను నేకుండా సేసీసినాను, కోపగించుకోకు, నీ పేరు సెప్పుకుని తింతాం అన్నాను. మా అయ్యా అలాగే అనీవోడు.”

తర్వాత మాంసాన్ని ఏడు సమాన వాటాలు వేశారు. ఆకులు పరిచి, పుల్లలు వేసి, ఎవరిది ఏ వాటాయో తేల్చారు. కొట్టినవాడికి ఎక్కువ లేదు, డబ్బా మోసినవాడికి తక్కువ లేదు. ఆ రోజు కళావతి ఒక్క తప్పు కూడా పట్టుకోలేక ఇంటికొచ్చింది. వేటగాళ్ళ మీదున్న మంట చాలా వరకు ఆ రోజే చల్లారింది.

అడవి నుంచి వచ్చాక జడుపు కడుక్కోవడానికని ఆమె ప్రయోగశాలలో ప్రత్యేకంగా ఒక సబ్బు చేయించింది. మనిషికి వారానికొకటి. ‘ఇచ్చిన సబ్బు వాడారా? అవును, లేదు’ అని కాగితం కూడా పెట్టింది. ఏడుగురూ ప్రతివారం ‘అవును’ దగ్గర టిక్కు పెట్టారు. వాళ్ళలో ఒకడైన బేకరీ కొండలరావుకైతే ఆ సబ్బు నురుగు తెగ నచ్చేసింది.

అంతా బాగానే ఉంది, మొక్క ఒక్కటే లేవలేదు.

కారణం వాన. ఆ దీవిలో ఎనిమిది నెలలు కురుస్తుంది. ఆదివారం చల్లిన జడుపు మంగళవారానికి కొట్టుకుపోయేది. కళావతి నూనెలో కలిపి చూసింది, జిగురులో కలిపి చూసింది, మైనంలో కూడా. ఏదీ నేలని పట్టుకోలేదు. కొండ మీద గుర్తులు పెట్టిన పన్నెండు మళ్ళల్లోనూ మొక్కలు జానెడు లేవడం, దుప్పి వచ్చి కొరుక్కుపోవడం! రెండో వానాకాలం కూడా చివరికొచ్చేసింది. మొక్కలు లెక్కపెట్టే కమిటీ రావడానికి మూడు వారాలుంది. ఆమె లెక్కలో మోకాలెత్తు మొక్కలు నాలుగు. ఆ నాలుగింటిలో ఒకటి కలుపుమొక్కేమోనని అనుమానం.

ఒక మధ్యాహ్నం ఆమె దానయ్య దుకాణానికి వెళ్ళింది. చిరిగిన వానకోటు కుట్టించాలన్నది పైకి చెప్పడానికి. ‘ఓడిపోయాను బాబాయ్’ అని ఎవరితోనైనా అనకపోతే గుండె ఆగేలా ఉంది.

మిషను టకటకలాడుతోంది. పెడలు పక్కన చోటు ఖాళీగా ఉంది.

“పులిగాడేడీ?”

“ఊరట్టుకు తిరుగుతున్నాడు,” అన్నాడు దానయ్య, తలెత్తకుండా.

లోపల్నుంచి ఆయన భార్య పోలమ్మ వచ్చింది. ఆవిడకి నోరూ మనసూ రెండూ ఒకటే. “ఊరట్టుకేటి? ఆ కొండలరావు బేకరీ కాడ ఉంతన్నాడు. ఏడు నెల్లయిపోనాది. ఈయన కనబడితే సాలు, తోక కాళ్ళసందున ఎట్టుకుని, సముద్రం కేసి పరుగు! ఒకసారి నీళ్ళల్లోకి దిగిపోనాడమ్మా, కొండలరావు ఈదుకెల్లి తెచ్చాడు.”

“పోలీ! ఊరుకో,” అన్నాడు దానయ్య.

“ఎందుకూరుకుంతాను? ఆడు బన్ను ముక్కలు తిని ఒళ్ళు చేసినాడు గానీ, ఈయనకి కూడు సయించట్నేదు.”

కళావతి పెడలు పక్కనున్న ఖాళీ చోటు కేసి చూసింది. జడుపు పూసుకుని, దాని ఎదుటే తుపాకి పేల్చే మనిషి పక్కన ప్రతి ఆదివారం నడిచిన కుక్క అది. దుప్పికి ఏ పాఠం నేర్పాలనుకుందో ఆ పాఠమంతా కుక్క నేర్చేసుకుంది.

“మరి నాతో ఎందుకు చెప్పలేదు బాబాయ్?”

“సెప్తే నువ్వు నన్ను ఆపీసుందువు. ఆపీసావంటే ఆ కొండెనక దారి ఇంకెవుడికి తెల్సు? ఊరు పోద్ది కదమ్మా.” దానయ్య సూదిలో దారం ఎక్కించడానికి రెండుసార్లు తప్పాడు. “కుక్కే కదా,” అన్నాడు. ఆ మాట ఆయనకే అతకలేదు.

“సబ్బుతో కడుక్కుంటే వాసన పోవాలే! ప్రతిసారీ వాడావా?”

దానయ్య గోడకేసి చూశాడు. పోలమ్మ లోపలికెళ్ళి ఒక బుట్ట తెచ్చి కళావతి ముందు పెట్టింది. నిండా సబ్బులు. కాగితం కూడా విప్పలేదు.

“జీవిని సంపి, కుంకుడుకాయతో తలమీద పోసుకోకుండా గుమ్మంలోకి ఎలా రానిత్తానమ్మా? మా అత్త కాడ్నించీ అదే పద్ధతి. ఊళ్ళోకే రాకూడదు, అక్కడే వాగులో పోసుకుని మరీ రావాల. నీ సబ్బు మంచిదే, కాదన్ను. తుడుచుకునీ గుడ్డలుతుకుదారని దాసినాను.”

“మరి టిక్కు?”

“సబ్బు తీసుకున్నానా అని కదా అడిగినావు?” అన్నాడు దానయ్య, నేరం చేసిన పిల్లాడిలా.

కళావతి బుట్టలోంచి ఒక సబ్బు తీసి అటూ ఇటూ తిప్పింది. పదహారేళ్ళ చదువు చదివి, మనిషి వేట నుంచి వచ్చి ఎలా స్నానం చేస్తాడని ఒక్కసారైనా నోరు తెరిచి అడిగిందా? ప్రశ్న కాగితం మీద పెట్టి ఊరుకుంది. ఆ ఆలోచన వెనకే ఇంకోటి వచ్చి తగిలింది. మామూలుగానైతే జడుపు రెండు వానలకి పోతుంది. ఏడు నెలలుగా ఈయన ఒంటి మీద ఎలా నిలిచింది? కుంకుడు రసం మామూలు నూనెని కడిగేస్తుంది గానీ, జడుపుని మాత్రం వదలకుండా చుట్టేసి పట్టుకున్నట్టుంది. అంటే...

“బాబాయ్, నువ్వు స్నానం చేసే చోటెక్కడ?”

“అవతలి వాగు మలుపు. మగోళ్ళ రేవు. ఆడోళ్ళు ఎల్లరటు.”

“ఈ రోజు వెళ్తారు,” అంది కళావతి, లేచి నిలబడి.

మగవాళ్ళ రేవని చిన్నప్పటి నుంచీ ఆడపిల్లలెవరూ అటు తొంగిచూడరు. పన్నెండు మళ్ళు కట్టినప్పుడు కళావతి కూడా ఆ వైపు వదిలేసింది, కారణం తనకే తట్టనంత అలవాటుగా. దానయ్య ముందు, ఆమె వెనక, ఇద్దరి వెనకా ‘నాను కూడా సూత్తాను’ అంటూ పోలమ్మ. వాగు మలుపు తిరిగేసరికి కళావతి ఆగిపోయింది.

రెండు వానాకాలాలుగా వారం వారం జడుపు కలిసిన కుంకుడు నురుగు పారిన ఒడ్డు అది. రాళ్ళ సందుల్లో, బురదలో, వాలు పొడుగునా, ఆ అడవిలోని పెద్ద చెట్ల జాతి, పడాక్ మొక్కలు. మోకాలెత్తువి, నడుమెత్తువి, కొన్ని ఆమె భుజం దాకా వచ్చినవి. లేతాకుల మీద ఒక్క పంటిగాటు లేదు. బురదలో ఎక్కడా దుప్పి అడుగు లేదు. నలభై ఏళ్ళుగా ఆ దీవిలో ఎవరూ చూడని వయసు మొక్కలు!

ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అరవై దాకా వచ్చేసరికి కళ్ళద్దాలు తడిసిపోయి కనబడలేదు. పోలమ్మ అందుకుంది. మూడు వందల పన్నెండు తేలాయి.

“ఇయన్నీ పిచ్చిమొక్కలనుకున్నానమ్మా, అడ్డొస్తే ఇరిచీసేవోణ్ణి కూడా,” అన్నాడు దానయ్య బిత్తరపోతూ.

కళావతి వాగులోనే వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టింది. తర్వాత పోలమ్మ కాళ్ళకి కూడా. పోలమ్మ కంగారుగా వెనక్కి తగ్గి నీళ్ళల్లో కూలబడింది.

కమిటీ వచ్చింది, రేవు చూసింది, మొక్కలు కొలిచింది. ఊరు ఖాళీ చేయాలన్న కాగితం రద్దయింది. ఆ రోజు అరవై ఇళ్ళల్లోనూ పండగే. ఆడవాళ్ళు ఊట దగ్గరికెళ్ళి పసుపు కుంకుమలు వేశారు. కొందరు దానయ్య దుకాణం ముందు కొబ్బరికాయలు కొట్టారు. ఆయన సిగ్గుతో మిషను వెనక దాక్కున్నాడు.

కళావతికి మాత్రం ఆ సంతోషం సగమే మింగుడుపడింది. మరుసటి ఆదివారం మిగతా ఆరుగురినీ కొండలరావు బేకరీలో కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. పులిగాడు పెరట్లో కట్టేసి ఉన్నాడు. దానయ్య వీధి అవతల, గాలి తన నుంచి కుక్కవైపు వెళ్ళని చోటు చూసుకుని నిలబడ్డాడు. ఏడు నెలలుగా ఆయన రోజూ అక్కడే నిలబడి కుక్కని చూసి వెళ్తున్నాడని కొండలరావు ఆమె చెవిలో చెప్పాడు.

“జడుపుని కుంకుడు రసంలో కలిపి చల్లితే కొండంతా మొక్కలు లేస్తాయి,” అంది కళావతి. “కానీ చల్లేవాడికి అంటకుండా చల్లే దారి నాకు తెలియలేదు. ప్లాస్టిక్ తొడుగులేసుకుని ఆ ఉక్కలో ఆ కొండెక్కితే మనిషి సగం దారిలో పడిపోతాడు. అంటుకుంటే ఎంత కడిగినా ఏడాది దాకా వదలదు. కుక్క, ఆవు, మేక, ఏదీ దగ్గరికి రాదు. దానయ్య బాబాయ్ మనందరి కోసం అది మోశాడు, నోరు విప్పకుండా. ఇంక ఆయన్ని మోయనివ్వను. మిమ్మల్ని మోయమని అడిగే ముఖం కూడా నాకు లేదు. అడవికి ఇంకో దారి వెతుకుతాను, కొంచెం టైము పడుతుంది.”

ఇంటి దగ్గర ఎవరికేం ఉన్నాయో ఒకళ్ళవి ఒకళ్ళకి తెలుసు. కొండలరావుకి రెండు పాడి ఆవులు. పళ్ళ డాక్టరుకి ముద్దుల పిల్లి.

కొండలరావు లేచి తాను రొట్టెలు పెట్టే రేకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మీద పొట్టీ పొడుగూ ఏడు పుల్లలు, కొసలు గుడ్డ కింద దాచి పేర్చాడు.

“ఇందులో మాటాడ్డానికేటుంది? మాంసం ఏడు వాటాలేసుకున్నాం. కొట్టినోడికి ఎక్కువ నేదు, మోసినోడికి తక్కువ నేదు. జడుపొక్కటీ దానయ్య ఒక్కడికే ఎందుకు పోవాల? ఏడాదికొకడు. ఆడి పశువుల్ని ఆ ఏడు మిగతావోళ్ళు సూసుకుంతారు. తీయండి పుల్ల.”

“ఏడు కాదు, ఆరు,” అన్నాడు పళ్ళ డాక్టరు. “దానయ్య గారి వాటా అయిపోయింది.”

“ఆరు కాదు, ఏడే,” అంది కళావతి. చెయ్యి చాచి అందరికంటే ముందు పుల్ల తీసింది. “తుపాకి పట్టుకోను గానీ డబ్బా మోయగలను.”

పొట్టి పుల్ల, అంటే మొదటి ఏడాది, కొండలరావుకే వచ్చింది. ఆయన తల గోక్కుని, “సరే, ఆదివారాలు నా ఆవుల పాలు పితకడానికి డాక్టరు గారొత్తారు,” అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. వీధి అవతల నిలబడ్డ దానయ్య ఆ నవ్వులు విని, సంగతేమిటో కనుక్కుని, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపు తీయలేదు.

దానయ్య తుపాకి అటకెక్కింది. అదే మందని కళావతి చెప్పింది. తుపాకి లేని మొదట్లో దుప్పులు నాలుగు రోజుల్లోనే జడుపుని లెక్కచేయడం మానేశాయి కదా. ఏడు నెలలు జడిసిన కుక్కకి నెలలు పట్టవచ్చు, అయినా మరుస్తుంది. మరవడానికి కావలసిందల్లా వాసన వస్తూ ఉండి, చెడ్డదేదీ జరగకపోవడం.

పోలమ్మ పులిగాణ్ణి వెనక్కి తెచ్చి దుకాణం అరుగు చివర వదిలింది. దానయ్య మిషను దగ్గర కూర్చున్నాడు. కుక్క ఆ చివర, గోడకి అంటుకుపోయి, వణుకుతూ. పారిపోలేదు, అదే పదివేలు. సాయంత్రం పోలమ్మ దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళాక దానయ్య టేపు పట్టి కొలిచాడు. పద్దెనిమిది అడుగులు. బట్టల మీద గీసే సుద్దతో అది పడుకున్న చోట నేల మీద ఒక గీత గీశాడు.

తర్వాతి నెలల్లో వచ్చినవాళ్ళందరూ ఆ గీతల్ని చూశారు. పదిహేడు అడుగుల దగ్గర ఒకటి. పదిహేనున్నర దగ్గర ఒకటి. ఉరుము ఉరిమిన రోజున మళ్ళీ పందొమ్మిదికి పోయింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు గీతలు తొక్కకుండా పక్కనుంచి వచ్చేవారు. చేపలమ్మే ఆడవాళ్ళు ముందు ‘నేడెంత?’ అని అడిగి, ఆ తర్వాత జాకెట్ గుడ్డ తీసేవారు. పైన కొండ మీద కొండలరావు కుంకుడు నురుగు చల్లిన మేరా మొక్కలు జానెడు, మూరెడు లేస్తున్నాయి. ఇక్కడ గీతలు ఎనిమిదికి వచ్చాయి, అయిదుకి వచ్చాయి.

కొత్త వానాకాలం మొదలైన వారంలో ఒక మధ్యాహ్నం కళావతి, అప్పుడు మరిచిపోయి మొన్ననే కుట్టడానికిచ్చిన తన వానకోటు కోసం వెళ్ళింది. ఈ రోజు ఇస్తానని దానయ్య మాట. ఆయన మాటంటే మాటే.

మిషను చప్పుడు లేదు. దానయ్య కదలకుండా కూర్చుని ఉన్నాడు. వానకోటు సగం కుట్టు మీద సూది కిందే ఆగి ఉంది.

“ఏమైంది బాబాయ్?”

ఆయన వేలు పెదాల మీద పెట్టుకుని కిందికి చూపించాడు. పెడలు మీద ఆయన కాలు, ఆ కాలి మీద పులిగాడి తల. కుక్క గాఢనిద్రలో ఉంది. పొట్ట నెమ్మదిగా లేచి పడుతోంది.

“నీ కోటు రేపిత్తానమ్మా,” అన్నాడు దానయ్య గుసగుసగా. కళ్ళు నిండిపోయి ఉన్నాయి. “ఈరోజు మిషన్ తొక్కనేను.”

బయట వాన పెద్దదైంది. కళావతి గీతలు తొక్కకుండా అరుగు దిగి, కోటు లేకుండానే, తడుసుకుంటూ ఇంటికి నడిచింది.